పర్ణశాల నుంచి పక్కా ఇంటి వరకు



మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోయిందనుకోండి. మన ఖమ్మంలో, కొత్తగూడెంలో, భద్రాచలంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు వస్తూనే ఉంటాయి. డాబా కప్పు పెనంలా కాలుతూ ఉంటుంది. గోడ మీద చెయ్యి వేస్తే గోడకే జ్వరం వచ్చినట్టుంటుంది. చంటిపిల్లను విసనకర్రతో విసురుతూ, "మా అమ్మమ్మగారి నడిమింట్లో అయితేనా!" అని మీలో ఎంతమంది అనుకోలేదు చెప్పండి!

నేనూ అనుకున్నాను. మా అమ్మమ్మగారి ఊరు బూర్గంపహాడు వైపు, గోదావరికి ఇవతలి ఒడ్డున ఒక చిన్న పల్లె. అటు రెండు మైళ్ళు నడిస్తే అడవి. ఆ ఇంటి గోడలు మూరెడు మందం మట్టిగోడలు. కిటికీ ఒక్కటే, అది కూడా పిల్లి దూరేంత. మధ్యాహ్నం పూట ఆ చీకటి గదిలో అలికిన నేల మీద కొంగు పరచుకుని పడుకుంటే ఒళ్ళు చల్లబడేది. ఆ గోడ సంగతేమిటి, ఎప్పటి నుంచి కడుతున్నారు, ఎవరు కడుతున్నారు, ఇప్పుడెందుకు పోతున్నది అని నాలుగు మాటలు మీతో చెప్పుకుందామని ఇవాళ వచ్చాను.

ముందు పర్ణశాలకు వెళ్దాం. భద్రాచలం యాత్రకు వెళ్ళిన వాళ్ళంతా చూసే వస్తారు. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం దాటాక, గోదావరి ఒడ్డున ఉన్నది. సీతమ్మవారు నారచీరలు ఆరవేసుకున్న బండలు ఇవేనంటూ చూపిస్తారు. నాసిక్ వాళ్ళు పంచవటి మా ఊళ్ళోదే అంటారు. ఆ తగాదాలోకి మనం పోవద్దు. కాని పర్ణశాల అనగానే మనం ఏమనుకుంటాం? నాలుగు కర్రలు పాతి ఆకులు కప్పిన పందిరి అని గదా? వాల్మీకి అలా చెప్పలేదు. అరణ్యకాండ పదిహేనో సర్గలో లక్ష్మణస్వామి ఇల్లు కట్టిన వైనం ఉన్నది. మట్టిని కుప్పవేసి మెత్తి గోడలు పెట్టాడట. గట్టి స్తంభాలు నిలిపి, వాటి మీద పొడుగాటి వెదుళ్ళు పరిచాడట. జమ్మి కొమ్మలు పేర్చి తాళ్ళతో బిగించి, పైన దర్భ, రెల్లు, ఆకులు కప్పాడట. నేల చదును చేశాడట. రాములవారు చూసి మెచ్చుకుని తమ్ముణ్ణి కౌగిలించుకున్నారు.

ఇది చదివి నేను ఆశ్చర్యపోయాను. దుమ్ముగూడెం, చర్ల రోడ్డు పక్కన పల్లెల్లో ఇప్పటికీ మిగిలి ఉన్న పాతకాలపు కోయ ఇల్లు సరిగ్గా ఇదే! గుంజలు పాతుతారు. వెదురు చీల్చి తడిక అల్లుతారు. దానికి లోపలా బయటా మట్టి మెత్తుతారు. పైన రెల్లుగడ్డో తాటాకో కప్పుతారు. అరణ్యకాండ సంస్కృతంలో ఉన్నదని పండితుల పాలు చేశాం గాని, ఆ కొలతలన్నీ అడవి మనిషికి చేతి మీద లెక్కలే.

ఒక్క తేడా ఉన్నది. వాల్మీకి మట్టి మెత్తిన పని కూడా లక్ష్మణుడికే ఇచ్చాడు. ఇప్పుడు చూడబోతే గుంజలూ వాసాలూ మగవాళ్ళవి, మట్టి ఆడవాళ్ళది. వదినగారికి కష్టం కలగకూడదని కాబోలు, ఆయనొక్కడే చేసేశాడు!

భద్రాచలం గుడి కథ కూడా మట్టితోనే మొదలవుతుంది. గుడి కట్టించింది కంచెర్ల గోపన్న, అనగా మన భక్త రామదాసుగారు, అది అందరికీ తెలుసు. పదిహేడో శతాబ్దంలో, గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా వచ్చి, సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడు. కాని ఆయనకంటే ముందు పోకల దమ్మక్క ఉన్నదని స్థలపురాణం చెబుతుంది. భద్రిరెడ్డిపాలెంలో ఉండే గిరిజన స్త్రీ. ఆమెకు కలలో రాములవారు కనిపించి, భద్రగిరి మీద ఉన్నానన్నారట. వెళ్ళి చూస్తే ఒక పుట్ట. గోదావరి నీళ్ళు మోసుకొచ్చి పోసి పుట్టను కరిగిస్తే విగ్రహాలు బయటపడ్డాయట. ఆమె వాటికి ఒక పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి పూజ చేసుకున్నది.

అంటే చూడండి, రామయ్య మొదట ఉన్నది చెదపురుగులు కట్టిన మట్టింట్లో. తరువాత ఒక ఆడది వేసిన పందిట్లో. రాతి గుడి మూడోది. పుట్టమన్నును తక్కువగా చూడకండి. పల్లెల్లో నేల వేయడానికి ఆ మన్నునే ఏరి తెచ్చుకుంటారు. చెదలు తమ నోటి తడితో మెత్తగా నూరి పెట్టినట్టుంటుంది, రాయీ రప్పా ఉండదు. ఆరితే గట్టిగా బిగుసుకుంటుంది.

ఇల్లు అనే మాట కూడా ఎంత పాతదో చూడండి. కోయవాళ్ళు ఇంటిని 'లోను' అంటారు. మన ఇల్లు, తమిళుల ఇల్, కోయల లోను అన్నీ ఒక్క వేరు నుంచి మొలిచిన పిలకలేనని భాషాశాస్త్రం చదివిన వాళ్ళు చెబుతారు.

మట్టిగోడల్లో మూడు రకాలున్నాయి. మొదటిది ఇందాక చెప్పిన తడిక గోడ. రెండోది వరసల గోడ. మా అమ్మమ్మగారిది అదే. దానికి మట్టిని ఒక గుంటలో పోసి, నీళ్ళు పెట్టి, వరిగడ్డి ముక్కలో ఊకో కలిపి తొక్కి, కొన్ని రోజులు నాననివ్వాలి. దోసెల పిండి పులిసినట్టు మట్టి కూడా 'మాగాలి' అనేది అమ్మమ్మ. గడ్డి మురిగితే మట్టికి జిగురు వస్తుంది. అప్పుడు ముద్దలు చేసి, పునాది మీద మూరెడెత్తు ఒక వరస పెట్టి ఆపేస్తారు. అది ఆరి గట్టిపడితేనే రెండో వరస. తొందరపడి ఒకేసారి ఎత్తారా, పొట్ట వచ్చి కూలుతుంది. కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడలికి అత్తగారు ఓర్పు నేర్పే పద్ధతిలాగ ఉంటుంది లెండి. మూడోది పచ్చి ఇటుక. అచ్చులో పోసి, కాల్చకుండా ఎండబెట్టి కట్టేది.

ఈ పచ్చి ఇటుక మన ఒక్కళ్ళదే కాదు. అమెరికాలో న్యూమెక్సికో అనే ఎడారి రాష్ట్రంలో ఊళ్ళకు ఊళ్ళే ఈ ఇటుకలతో కట్టారు. వాళ్ళు దాన్ని అడోబీ అంటారు. ఆ మాట అరబ్బుల నుంచి స్పెయిను వాళ్ళకు, అక్కడి నుంచి అమెరికాకు వలస పోయింది. అక్కడ టావోస్ అనేచోట ఆదివాసుల మట్టి మేడలున్నాయి, ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా. వందల ఏళ్ళుగా మనుషులు కాపురాలు చేస్తున్న ఆ ఊరిని 1992లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ దేశంలో గోడ కట్టడం మగవాళ్ళ పని, మట్టి పూయడం ఆడవాళ్ళ పని. అలా పూసే స్త్రీలకు వాళ్ళ భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉన్నది, ఎన్హర్రదోర అని. మనకు పేరు కూడా పెట్టలేదు. అది కూడా ఒక పనేనని ఎవరికీ తోచకపోతే పేరెందుకు పెడతారు?

జార్జియా ఓకీఫ్ అని గొప్ప చిత్రకారిణి ఉండేది. అబిక్యూ అనే పల్లెలో పాడుబడ్డ మట్టి ఇల్లు ఒకటి చూసి మనసుపడింది. ఎందుకయ్యా అంటే, లోపలి వాకిలి గోడలో ఉన్న ఒక తలుపు నచ్చిందట! 1945లో కొన్నది. అది బాగుచేసేసరికి నాలుగేళ్ళు పట్టింది. దగ్గరుండి పని చేయించింది కూడా మరొక స్త్రీ, మరియా చాబట్. తరువాత ఆ తలుపును ఓకీఫ్ మళ్ళీ మళ్ళీ బొమ్మలు గీసింది. మనం శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాస్తాం గదా, నాకదే గుర్తుకొచ్చింది.

సరే, మన అడవికి వద్దాం. 1860లో నిజాం గోదావరికి ఎడమ గట్టునున్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. కాటన్ దొర శిష్యుడు హేగ్ దొర దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని చేయించాడు. గోదావరి మీద పడవలు పైకి నడిపి పత్తి దింపుకోవాలని వాళ్ళ ఎత్తు. 1871లో ఆ పథకం ఆపేశారు. ఆ పనుల వెనకనే మిషనరీలు వచ్చారు. జాన్ కెయిన్ అనే పాదిరీ అక్కడే ఉండి, 1876లోనే ఈ తాలూకాల సంగతులూ కోయల ఆచారాలూ పత్రికకు రాశాడు. దొరలు వచ్చినచోట రాయీ సున్నమూ వచ్చాయి, కచేరీలు, బంగళాలు లేచాయి. 'పక్కా', 'కచ్చా' అన్న మాటలు మన ఇళ్ళకు తగిలించడం కూడా ఆ కచేరీ కాగితాల్లో బాగా అలవాటైంది. అంతకుముందు అది ఉత్త ఇల్లు. ఆ తరువాత కచ్చా ఇల్లు.

ఈ ప్రాంతం ఇళ్ళు కదలకుండానే ఎన్ని చోట్లు మారాయో చెబితే నవ్వొస్తుంది. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరంలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. 1860 దాకా నిజాం. తరువాత సెంట్రల్ ప్రావిన్సెస్. 1874లో మద్రాసు రాజధాని గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1959లో ఖమ్మం జిల్లా. 2014లో మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆ తరువాత లెక్క పెట్టడం నేను మానేశాను. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం ప్రతి దొరతనంలోనూ అదే పేడ, అదే ఎర్రమన్నుతో అదే గోడ అలుకుతూ వచ్చింది.

కొండరెడ్ల సంగతి మరొకటి. పాపికొండల మీద ఉంటారు వాళ్ళు. వియన్నా నగరం నుంచి వచ్చిన హైమెండార్ఫ్ అనే పండితుడు, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి నిజాం రాజ్యం దాటి పోవడానికి వీల్లేకపోయేసరికి, ఆ రోజుల్ని మన అడవుల్లో గడిపాడు. 1941లో కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో వాళ్ళ మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. భార్య బెట్టీ కూడా ఆయనతో అడవులు తిరిగింది. పుస్తకాల అట్టమీద ఆయన పేరే పెద్దగా ఉంటుంది గాని, గుడిసెల్లో ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నది ఆమె అని నేననుకుంటాను. కొండరెడ్లు పోడు కొట్టుకుని బతికేవాళ్ళు. పోడు మారితే ఇల్లూ మారేది. వెదురూ గడ్డీ మట్టీ ఎక్కడికి పోయినా దొరికేవి గనుక ఇల్లు వదలడం అంత కష్టం కాదు, వండిన కుండలు పట్టుకుపోతే చాలు. అడవి సర్కారుదై, కలపకు కంట్రాక్టర్లు వచ్చి, వెదురు కొట్టుకోవడానికి ఒకరి అనుమతి కావలసి వచ్చిన దగ్గర ఆ ఇంటికి మొదటి దెబ్బ తగిలింది. మట్టి ఇల్లు మట్టి లేక పోలేదు, వెదురు దొరకక పోవడం మొదలైంది.

రెండో దెబ్బ గోదావరి తల్లిది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులయితే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండో హెచ్చరిక, 53 అయితే మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. అంతకు మించి ఈనాటికీ రాలేదు. 1990లో 70.8, 2022 జూలైలో 71.3. ఆ 1986 వరదలోనే మా అమ్మమ్మగారి ఇల్లు పోయింది. నీళ్ళు లోపలికి వచ్చినప్పుడు గోడ నిలబడే ఉన్నది. మూడో నాడు నీళ్ళు తీసిన తరువాత, అందరూ అమ్మయ్య అనుకుంటుండగా, కింద నానిపోయిన వరస మీద పై వరసల బరువు పడి నడిమిల్లు కూర్చుండిపోయింది. మట్టిగోడ గుణమే అది. అప్పటికి మనుషులంతా గుట్టమీద ఉన్నారు కాబట్టి బతికిపోయారు.

అదే ఊళ్ళో కోయగూడెం వైపు తడిక గోడల ఇళ్ళు కొన్ని మెత్తిన మట్టంతా పోయి ఎముకల గూళ్ళలాగా మిగిలాయి. కాని నిట్టాళ్ళు, గుంజలు, తడికలు నిలిచే ఉన్నాయి. నెల తిరిగేసరికి ఆడవాళ్ళు మళ్ళీ మట్టి మెత్తేసుకున్నారు. గట్టిగా కట్టిన మాది పోయింది, పలచగా కట్టినవి కొన్ని నిలిచాయి. నేను దీన్ని గొప్పగా చెప్పడం లేదు. కొట్టుకుపోయిన తడిక ఇళ్ళు కూడా ఉన్నాయి.

మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు గట్టు మీద ఉండి వరదకు దక్కింది. దానికి మరో రకం తెగులు పట్టింది. ఏటేటా అలకలేక, ఎవరో మేస్త్రీ చెప్పాడని మట్టిగోడ మీద సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. అద్దంలాగ వచ్చిందని మురిసిపోయాం. అయిదారేళ్ళు తిరిగేసరికి గోడకు పొట్ట వచ్చింది, ఒక మూల పెచ్చు ఊడి పడితే లోపలి మట్టి తడిపొడిగా, బూరెలో పూర్ణంలా జారింది. మట్టిగోడ పీల్చుకున్న తేమను మళ్ళీ బయటికి వదలాలి. సిమెంటు పూస్తే ఆ తేమ పోయే దారి ఉండదు. మేస్త్రీని తిట్టుకున్నాం గాని, ఆయనకు మాత్రం ఎవరు చెప్పారు? న్యూమెక్సికోలోనే రాంచోస్ దె టావోస్ అనే ఊళ్ళో పాత మట్టి చర్చి ఉన్నది. 1967లో దానికి సిమెంటు పూశారు. లోపల గోడలు చెడిపోతున్నాయని 1979లో ఆ సిమెంటంతా ఒలిచేసి మళ్ళీ మట్టే పూశారు. ఇప్పటికీ ఏటా ఊరంతా చేరి మట్టి పూసుకుంటారు. మన పెద్దమ్మకు తెలియనిది అమెరికా వాళ్ళకూ తెలియలేదని నాకు కొంచెం ఊరట.

ఇంతవరకూ విని, ఈవిడ మనల్ని మళ్ళీ మట్టిళ్ళలోకి పొమ్మంటున్నది కాబోలు అనుకోకండి. మట్టి ఇంటిని మెచ్చుకునే వాళ్ళలో ఎక్కువమంది దాన్ని అలకని వాళ్ళే. అలికిన వాళ్ళను అడగండి. తెల్లవారుజామున లేచి పేడ కలిపి వాకిలి చల్లడం, వారం వారం నేల అలకడం, వాన కాలం ముందు చూరు కింద గోడకు మట్టి మెత్తడం, పండక్కి ఎర్రమన్ను, సుద్ద. గోళ్ళ సందుల్లో మన్ను పోయేది కాదు. నడుం వంగిపోయేది. తేళ్ళు, చెదలు, ఎలుకలు. ఎండాకాలం ఒక నిప్పురవ్వ ఎగిరితే వాడకు వాడ బూడిద. మా అమ్మమ్మే డాబా కావాలని అందరికంటే ముందు అడిగింది. "మీరు చల్లగా పడుకోడానికి నేను వేడిలో అలకాలా?" అన్నది. దానికి జవాబు మా మామయ్యల దగ్గర లేదు, నా దగ్గరా లేదు.

అందుకే 2006లో ఇందిరమ్మ ఇళ్ళు వచ్చినప్పుడు, ఆ తరువాత వచ్చిన పథకాల్లోనూ, అడవి ఊళ్ళ ఆడవాళ్ళు సిమెంటు ఇల్లే కోరుకున్నారంటే వాళ్ళను తప్పు పట్టలేం. పట్టా ఆడవాళ్ళ పేరు మీద రావడం కూడా చిన్న సంగతి కాదు. కాని ఒక బాధ ఉన్నది. పోలవరం ముంపు కింద కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుకునూరు మండలాల్లో ఎన్నో ఊళ్ళు ఖాళీ చేయవలసినవని తేలింది. పునరావాస కాలనీల్లో వరసగా ఒకే కొలత ఇళ్ళు. కోయ ఇంటికి చుట్టూ దొడ్డి ఉంటుంది, దడి ఉంటుంది, చుట్టాలొస్తే కూర్చోబెట్టే పంచ ఉంటుంది. కోళ్ళకు చోటు, విప్పపూలు ఆరబోసుకునేందుకు వాకిలి ఉంటుంది. నష్టపరిహారం కట్టేటప్పుడు మట్టి ఇంటికి కచ్చా ఇంటి ధర. ముప్పై ఏళ్ళు అలికిన చేతికి ఏ ధరా లేదు. ఆ కాగితం రాసిన వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, అందులో ఆ గడి లేదు, అంతే.

కొత్త ఇల్లు కట్టుకునే వాళ్ళెవరైనా వింటుంటే ఒక్క మాట. అంతా మట్టితోనే కట్టమని చెప్పను. పాత ఇంటికి మట్టిగోడ ఉంటే సిమెంటు పూయకండి. మట్టో, సున్నమో పూయండి. కింద రెండడుగులు రాయి కట్టించి, పైన చూరు బాగా ముందుకు దింపితే గోడకు వాన తగలదు. గోడకు చెప్పులూ గొడుగూ రెండూ కావాలి అనేది అమ్మమ్మ.

మా పెద్దమ్మ ఇప్పుడు కొడుకు కట్టిన డాబాలో ఉన్నది. ఇంటి వెనక వేపచెట్టు కింద మాత్రం నాలుగు గుంజలు పాతించి, తడిక కట్టించి, తనే మట్టి మెత్తి ఒక పాక వేసుకున్నది. వేసవిలో మధ్యాహ్నాలు ఇంటిల్లిపాదీ అందులోనే. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు దాని నేల కొంచెం పెచ్చులూడి ఉన్నది. పుట్టమన్ను తెద్దామంటే, ఎప్పుడూ తవ్వుకునే పుట్ట ఉన్న చేను ఎవరో సుబాబుల్ తోట వేశారట. పుట్ట పోయింది. గూడెం అవతల గట్టు మీద మరొకటి ఉన్నదని పాలు పోసే అమ్మాయి చెప్పింది. కోడలూ తనూ తట్ట తీసుకుని ఆదివారం వెళ్ళి చూసి వస్తామన్నారు.